పొర కింద వెంట్రుక

"దొంగ పని! ఇది దొంగ పని కాకపోతే ఇంకేంటి?"

పసుపుపచ్చ స్పోర్ట్స్ కారు షాపు ముందు ఆగీ ఆగకముందే దాని యజమాని అరుస్తూ దిగాడు. రెండో వైపు నుంచి అతని భార్య దిగి తలుపు విసిరికొట్టింది.

"మెల్లగా! కొత్త బండి," అన్నాడు.

"బండే కదా, పగిలితే అతికిస్తారులే," అంది ఆమె.

గుండు మేస్త్రి చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చాడు. కొత్త కార్ల రంగు మీద గీతలు పడకుండా పారదర్శకమైన ఫిల్ము అతికించడం అతని పని. పొర కింద ఒక్క దుమ్ము కణం ఇరుక్కున్నా పరువు పోయినట్టే. అందుకే తను గుండు కొట్టించుకుంటాడు, పనివాళ్ళిద్దరికీ కొట్టించాడు. ఇంటి బట్టలు గుమ్మం దగ్గరే విప్పించి, నూగు రాలని బట్టలు తొడిగిస్తాడు. గది నేల తడిపితే గానీ ఫిల్ము చుట్ట విప్పడు.

"ఏమైంది సార్?"

"ఏమైందా? కళ్ళు పెట్టుకుని చూడు. బానెట్ మీద. ఎడమ లైటు పైన."

మేస్త్రి వంగి చూశాడు. ఫిల్ము కింద ఒక వెంట్రుక. సన్నగా, మెలికలు తిరిగి, పసుపు మీద నల్లగా, దాచుకోవడానికి చోటు లేనట్టు పడుకుని ఉంది.

అతని ముఖం మాడిపోయింది.

"ఇదా నీ అద్దంలాంటి పని? చక్రాలు మార్చాలి, సైలెన్సర్ మార్చాలి, పెద్ద బ్రేకులు వేయించాలి అని నేను మొత్తుకుంటే, 'అవన్నీ తర్వాత సార్, మొదటి రాయి తగలకముందే ఫిల్ము వేయించండి' అన్నావు. రాయి తగల్లేదు, నువ్వు తగిలావు! ఊరంతా చెబుతా. నీ షాపు ముందు కుక్క కూడా ఆగకుండా చేస్తా."

రోడ్డు మీద పోయేవాళ్ళు ఆగి చూస్తున్నారు. పక్క టైర్ల షాపువాడు ప్రత్యేకంగా కుర్చీ బయటికి లాక్కున్నాడు. ఆ వీధిలో మేస్త్రికి ఉన్నదల్లా ఆ పేరొక్కటే. అది అతని కళ్ళముందే పోతోంది.

"మాట జారకండి సార్. ఈ కారు కొనకముందు నుంచే నా ప్రాణం తోడేశారు. ఏ ఫిల్ము మంచిది, ముందు ఏది మార్చాలి అని. నేను షాపులో ఉంటే ఇంటికొస్తారు, ఇంట్లో ఉంటే షాపుకొస్తారు. అయినా ఓర్చుకున్నా."

"ఓర్చుకుని వెంట్రుక బహుమానం ఇచ్చావా?"

"మా తలకాయలు చూసి మాట్లాడండి. ఏ తలనుంచి ఊడిందో చూపించండి."

పనివాళ్ళిద్దరూ టోపీలు తీశారు. మూడు గుండ్లూ ఎండలో మెరిశాయి. టైర్ల షాపువాడు కిసుక్కున నవ్వాడు.

భార్య మాత్రం నవ్వలేదు. బానెట్ దగ్గరికొచ్చి, ఆ వెంట్రుక పొడుగును వేలితో కొలిచింది.

"ఆడవాళ్ళెవరైనా లోపలికి వస్తారా?" అని మేస్త్రిని అడిగింది.

"మా ఆవిడే ఇన్నేళ్ళలో ఈ గుమ్మం తొక్కలేదమ్మా. బయటి మనిషి లోపలికొచ్చారంటే అది మీవారొక్కరే. వద్దంటే వినలేదు. 'నా కారు, నా ఇష్టం' అంటూ ఒంటిమీది చొక్కాతోనే వచ్చేసి, బానెట్ మీదకి వంగి మరీ చూశారు. ఆ చొక్కా మీంచే రాలి ఉంటుంది."

ఆమె తన తల తడుముకుంది. జుట్టు చెవులు కూడా దాటలేదు.

"ఏమండీ, నాది ఇంతే. మీ అమ్మగారిది తెల్లజుట్టు. మరి మీ చొక్కా మీద వాలిన తల ఎవరిది?"

"వాడేదో కూస్తే నువ్వు నమ్మేస్తావా?" అతని గొంతు ఒక మెట్టు దిగింది. "లిఫ్టులో అంటుకుని ఉంటుంది. నేనేం తప్పు చేశానని?"

"తప్పని ఎవరన్నారు సార్?" మేస్త్రికి ప్రాణం లేచివచ్చింది. "గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకుంటారెందుకు?"

"నోరుముయ్! ఒక్క నిమిషం, ఆఫీసు ఫోను," అంటూ అతను రోడ్డు అవతలికి వెళ్ళిపోయాడు. ఫోను మోగడం మాత్రం ఎవరికీ వినపడలేదు.

మేస్త్రి తీరిగ్గా వేడిగాలి పట్టి, బానెట్ అంచు నుంచి ఫిల్ము లేపాడు. వెంట్రుకను పట్టకారుతో తీసి సాగదీశాడు. రెండు మూరలుంది.

"ఇటివ్వు," అంది ఆమె.

"ఆగండమ్మా. ఊరికే ఇస్తే గాలికి పోతుంది."

రెండు ఫిల్ము ముక్కల మధ్య దాన్ని చక్కగా పరిచి, ఒక్క బుడగ లేకుండా నొక్కి అతికించి ఇచ్చాడు. "వానకి తడవదు, ఎండకి వెలిసిపోదు. అయిదేళ్ళ గ్యారంటీ. దాచుకోండి, ఏదో ఒకరోజు తల దొరక్కపోదు."

ఆమె దాన్ని సంచిలో పెట్టుకుని డ్రైవరు సీట్లో కూర్చుంది. తిరిగొచ్చిన మొగుడు పక్కన కూర్చున్నాడు. బానెట్‌కి కొత్త ఫిల్ము వేయమని కూడా అడగలేదు.

"చూశావుగా!" అని మేస్త్రి టైర్ల షాపువాడి వైపు చెయ్యి ఊపాడు. కారు కొత్తగా ఉంటే సరిపోదు, మనిషి శుభ్రంగా ఉండాలి అని ఒక సూక్తి కూడా విసిరాడు. వాడు కుర్చీ లోపలికి లాక్కున్నాడు.

మధ్యాహ్నం మేస్త్రి భోజనానికి ఈల వేసుకుంటూ ఇంటికి బయల్దేరాడు. దారంతా నవ్వు ఆగలేదు. ఈ సంగతి భార్యకి ఎక్కడ మొదలుపెట్టి చెప్పాలి, ఆ పెద్దమనిషిలా ముఖం ఎలా పెట్టి చూపించాలి అని ఒకటే ఆలోచన. మెట్ల మీద ఉండగానే ఆగలేక అరిచాడు.

"ఇదుగో, ఇవాళ షాపులో ఏం జరిగిందో తెలుసా!"

తలుపు తీసిన భార్యకి, పొద్దున్న అతను వెళ్ళేటప్పుడు నడుము దాటి వేలాడిన జడ లేదు, జుట్టు మెడ దాకా కత్తిరించి ఉంది.