ఏడేళ్ల కాలు

“ఆ కాలు ఒక్కసారి పట్టుకోనా నాయనా?”

ముసలావిడ మాటకు ఇంజనీరు ఒళ్లు మండిపోయింది.

అతని చేతిలో ఉన్నది ఏడేళ్ల పాప కోసం చేసిన కృత్రిమ కాలు. దాంతో నిలబడబోయిన ప్రతిసారీ పాప బోర్లా పడుతోంది. ఇవాళ కూడా పడితే ఇక కాలే వద్దని భీష్మించుకుంది.

“ఇదేమన్నా సొరకాయా మామ్మా, పట్టి చూడ్డానికి? పక్కకు జరుగు.”

ఆవిడ గుమ్మం దాకా జరిగింది. ఆసుపత్రిలో ఈ నడక నేర్పే గది బయట బెంచీ మీద రోజూ కూర్చుంటుంది. ఎవరి తాలూకో తెలియదు. అందరికీ ‘బెంచీ మామ్మ’.

ఇంజనీరు పిక్క భాగంలో సీసం గుళ్లు వేస్తూ తీస్తూ తూచాడు. పోయిన కాలు ఎంత బరువుండేదో, ఆ బరువు ఎక్కడ నిలిచేదో అచ్చం అలాగే కుదరాలి. కుదరకపోతే ఒళ్లు ఒక పక్కకు ఒరిగిపోతుంది. ఇన్నాళ్లూ పెద్దల కొలతలు తగ్గించి చూశాడు, లాభం లేకపోయింది. చివరికి నిన్న పెద్ద డాక్టరుగారు, “పిల్లల తూకం నా దగ్గర ఒక్కటే ఉంది, ఇది పెట్టు” అని చెప్పారు. ఎక్కడిదని ఇతను అడగలేదు.

పాప నిలబడింది. ఒక అడుగు వేసింది. ఇంకో అడుగు.

“అమ్మా, పడట్లేదే నేను!”

గదంతా చప్పట్లు. గుమ్మంలో బెంచీ మామ్మ మాత్రం నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని వెక్కి వెక్కి ఏడుస్తోంది.

“శుభమా అని పిల్ల నడుస్తుంటే ఈ ఏడుపేమిటి!”

విసురుగా తలుపు వేసేశాడు.

మర్నాటి నుంచి బెంచీ ఖాళీ. పీడా పోయిందనుకున్నాడు.

కొన్నాళ్లకు ఇంకో పిల్లాడి కాలు తూస్తుంటే పెద్ద డాక్టరుగారు వచ్చి పక్కన కూలబడ్డారు.

“బెంచీ మామ్మ పోయిందయ్యా. తన ఒళ్లు కూడా మనకే రాసిచ్చింది.”

“కూడా ఏమిటండీ?”

“చనిపోయినవాళ్ల చెయ్యి వేరుగా, కాలు వేరుగా తూస్తేనే కదా మనకు కొలతలొచ్చేది! పిల్లల్ని అలా ఇవ్వడానికి ఏ తల్లికి మనసొప్పుతుంది? ఎప్పుడో ఒక్కావిడే ఇచ్చింది, ఎవరికీ చెప్పొద్దని ఒట్టు వేయించుకుని.”

ఇంజనీరు గుప్పిట్లోని గుళ్లు నేల మీద దొర్లిపోయాయి.

“పాపకు పెట్టిన తూకం ఆవిడ ఏడేళ్ల కొడుకు కాలిదయ్యా, ఆ బరువు ఒక్కసారి చేతుల్లోకి తీసుకోవాలనుందని నన్నడిగితే, ‘వెళ్లి మా ఇంజనీరునడుగమ్మా, కాదనడు’ అని నేనే పంపాను.”