ఉత్తరపు కిటికీ వేళకు

రైలు ఆగీ ఆగకముందే అతను దూకి పరుగెత్తాడు.

స్టేషన్ మెట్లు దిగేసరికి మిల్లు వైపు వెళ్ళే బస్సు తోక మాత్రమే కనిపించింది.

దారాల మిల్లులో అతనికి కొత్తగా వచ్చిన ఉద్యోగం. రంగు వేసిన దారపు కండెను నమూనా కండె పక్కన పెట్టి, రెండూ ఒకటే రంగో కాదో తేల్చి చెప్పాలి.

దీపాల వెలుగు అబద్ధమాడుతుంది. అందుకే ఆ పని ఉత్తరపు కిటికీ పక్కన, పొద్దుటి వెలుగులోనే చెయ్యాలి. ఎండ ముదిరితే నీలం కూడా నీలంలా ఉండదు.

ఆ రోజు అతను చేరేసరికి ఎండ ముదిరింది.

"కండెలన్నీ మీ కోసం ఎదురుచూస్తున్నాయి," అన్నాడు సూపర్‌వైజరు. "ఇంకోసారి ఇలా అయితే ఆ కుర్చీలో ఇంకొకరు కూర్చుంటారు. తర్వాత నన్నని లాభం లేదు."

సంగతి విని భార్య అంది: "మడత సైకిలు కొనుక్కోరాదూ? రైల్లో పక్కన పెట్టుకో, దిగి తొక్కుకుంటూ పో. ఆ బస్సు వెంట పడే బాధ తప్పుతుంది."

ఇద్దరూ కలిసి షాపుకి వెళ్ళారు. ఒక సైకిలు దూదిలా తేలిక, కానీ మడత దగ్గర లొడలొడ. ఇంకొకటి రాయిలా గట్టిది, ఎత్తేసరికి నడుం కలుక్కుమంది. షాపువాడు మాత్రం అన్నిటినీ ఒకేలా పొగిడాడు.

"కాకిపిల్ల కాకికి ముద్దు," అని గొణిగింది భార్య. ఉత్త చేతులతో తిరిగొచ్చారు.

మర్నాడు రైల్లో తలుపు పక్కన ఒక పెద్దావిడ కనిపించింది. మడిచిన సైకిలు ఆవిడ మోకాళ్ళ దగ్గర నిద్రపోతున్న పిల్లిలా ముడుచుకుని ఉంది.

"ఏమండీ, ఇది నమ్మదగ్గదేనా?" అని అడిగాడు.

"ఎవరు, నేనా? సైకిలా?"

అతనికి నవ్వొచ్చింది.

"షాపులో మడిస్తే అన్నీ మంచివే బాబూ. చేతులు తడిసి, వెనక జనం తోస్తున్నప్పుడు మడతపడాలి. అదీ నమ్మకమంటే. ముందు తొక్కి చూడండి, కొనడం తర్వాత."

"తొక్కడానికి ఎవరిస్తారండీ?"

"ఎక్కడికి వెళ్ళాలి మీరు?"

అతను అంతా చెప్పుకొచ్చాడు. మిల్లు, కిటికీ, సూపర్‌వైజరు మాట. ఆవిడ బయట మంచులోకి చూస్తూ విన్నది.

స్టేషన్ రాగానే సైకిలు అతని వైపు జరిపింది.

"కాలవ గట్టు మీంచి వెళ్ళండి. బస్సుకంటే ముందే చేరతారు. కొన్నాళ్ళు తొక్కి చూడండి, నచ్చితే ఇలాంటిదే కొనుక్కోండి."

"నేనెవరో కూడా మీకు తెలీదు కదండీ!"

"రోజూ పరుగెత్తడం చూస్తున్నాగా."

"మరి మీకో?"

"నాకు తొందరేం లేదు."

ఇంటికొచ్చాక భార్య సైకిలు చుట్టూ తిరిగి చూసింది.

"చుట్టమా, పక్కమా? ఊరికే ఎందుకిస్తుంది? దొంగసొత్తేమో!"

ఆ మాట అతని మనసులో ముల్లులా దిగింది. మర్నాడు ఆవిడ చెయ్యి ఊపింది. అతను చూడనట్టు పక్క పెట్టెలోకి ఎక్కేశాడు.

కానీ సైకిలు మాత్రం అతన్ని మోసం చెయ్యలేదు.

కాలవ గట్టు మీద మంచు పాలనురగలా పరుచుకుని ఉండేది. నీళ్ళేవో ఆకాశమేదో తెలిసేది కాదు. చక్రాలు చప్పుడు చేసేవి కావు. తను కదలడం లేదనీ, గట్టే మెల్లగా వెనక్కి పారుతోందనీ అనిపించేది. ఒక కొంగ ఉన్నట్టుండి మంచులోంచి లేచి, మళ్ళీ మంచులోనే కరిగిపోయేది. బూడిద రంగులోకి లేత గులాబీ ఎప్పుడొచ్చి చేరిందో పట్టుకోవాలని చూసేవాడు. ఒక్కరోజూ దొరికేది కాదు.

ఆ రంగులన్నీ కళ్ళలో నింపుకుని కిటికీ పక్కన కూర్చుంటే, కండెలు వాటంతటవే మాట్లాడుతున్నట్టుండేది.

"ఇప్పుడు దారికొచ్చారు," అన్నాడు సూపర్‌వైజరు.

అనుమానం ఎండకి మంచులా కరిగిపోయింది. సిగ్గు మిగిలింది.

అలాంటి సైకిలే తనూ ఒకటి కొనుక్కున్నాడు. ఆవిడ సైకిలు తుడిచి, నూనె వేసి, తిరిగిచ్చేద్దామని రైల్లోకి తెచ్చాడు.

ఆవిడ లేదు.

మర్నాడూ లేదు. ఆ తర్వాతా లేదు. ఒక్కో పెట్టే వెతుక్కుంటూ, ఆవిడ సైకిలు మీదే మిల్లుకి వస్తూ వెళ్తూ ఉన్నాడు.

ఒక ఉదయం గేటు దగ్గర పాత వాచ్‌మన్ కనిపించాడు. చాన్నాళ్ళ సెలవు తర్వాత అప్పుడే పనిలో చేరాడు. కొత్త ముఖం కావడంతో ఏ పనిలో ఉన్నారని అడిగి తెలుసుకున్నాడు. సైకిలు చూసి గబగబా దగ్గరికొచ్చి హ్యాండిలు నిమిరాడు.

"అమ్మగారి సైకిలు మీ దగ్గరుందా బాబూ?"

"ఆవిడ నీకు తెలుసా? ఎక్కడుంటారు? ఇది ఇచ్చెయ్యాలి. ఒక మాట కూడా చెప్పుకోవాలి."

"ఇంకెక్కడ దొరుకుతారు! మొన్న నేను దిగేసరికి స్టేషన్లో పెట్టేబేడాతో నిలబడి ఉన్నారు. ఊరొదిలి వెళ్ళిపోతున్నా, మళ్ళీ రానన్నారు. పని పోయినా అలవాటు పోక ఇన్నాళ్ళూ పొద్దుటి రైలెక్కుతున్నానని నవ్వారు కూడా."

"ఏం పని?"

వాచ్‌మన్ అతని వైపు వింతగా చూశాడు.

"భలేవారే! ఉత్తరపు కిటికీ దగ్గర రంగులు చూసే పనే కదా బాబూ, మిమ్మల్ని పెట్టుకోడానికి తీసేసింది ఆవిణ్ణే."