పగడాల దండ కొక్కెం

పీటర్నెల లేసు టోపీ సర్దుకుంటూ వచ్చి, పగడాల దండ కంసాలి మారినస్ బల్లమీద పెట్టింది. "మళ్ళీ ఊడింది. అసలు మీకు కొక్కెం బిగించడం వచ్చా?"

"పోయిన సంత రోజే కదండీ బిగించాను." మారినస్ భూతద్దం పెట్టుకుని బంగారు కొక్కెం చూశాడు. "ఇది ఊడలేదు. ఎవరో పట్టకారుతో వంచారు. గాట్లు కనపడుతున్నాయి."

"మా ఇంట్లో నేనూ, పిల్లీ తప్ప ఎవరున్నారు?"

"అయితే పిల్లి పనే."

ఆమె బుగ్గలు పగడాల రంగుకొచ్చాయి. అతను కొక్కెం సరిచేసి దండ అందించాడు.

డచ్చి దేశపు సముద్రతీరంలోని మా జేలాండ్‌లో మెడ చూసి ఊరు చెప్పొచ్చు. సముద్రపు గట్టుకి ఇవతలి ఆడవాళ్ళు కొక్కెం గొంతు ముందు పెట్టుకుంటారు, అవతలివాళ్ళు వెనక. పీటర్నెల ఇవతలి మనిషి. అయినా దండ కొసలు మెడ వెనక పట్టుకుని అతనివైపు వీపు తిప్పింది.

"అది మా ఊరి పద్ధతండీ," అన్నాడు మారినస్.

"తెలుసు. మీ ఊళ్ళో మొగుళ్ళే పెడతారట. మీ ఇంట్లో ఇప్పుడు పెట్టించుకునే మనిషి లేదనీ తెలుసు. త్వరగా కానీండి, చేతులు పీకుతున్నాయి."

మారినస్ దండ కొసలు అందుకున్నాడు. కాస్త ఆలస్యంగానే పెట్టాడు.

"ఈసారైనా గట్టిగా ఉంటుందా?"

"ఉండదు. నేనెప్పుడు గట్టిగా బిగించాను గనక? అనవసరంగా పట్టకారుతో అవస్థపడ్డారు."