దిబ్బ మీద చోటు

వరద అడవినంతా ముంచేసింది. మిగిలిన ఒక్క దిబ్బ మీద దుప్పి, ముంగిస, కుందేలు బిక్కుబిక్కుమంటూ నిలబడ్డాయి.

కొట్టుకొచ్చిన ముళ్లపంది దిబ్బ అంచు పట్టుకుని, "నన్నూ ఎక్కనిస్తారా?" అనడిగింది.

"ఎక్కు నాయనా. ఆదుకోవడమే ధర్మమన్నాడు మా దేవుడు," అంది దుప్పి.

"మా దేవుడు దయ చూపమన్నాడు," అంది ముంగిస.

"మా దేవుడికి అందరూ బిడ్డలే," అంది కుందేలు.

ముళ్లపంది ఎక్కింది గానీ, అంచు వదల్లేదు.

"లోపలికి జరగవేం?" అంది దుప్పి.

"మీ దేవుళ్లకు దండం. నీళ్లు ఇంకా పెరిగి చోటు చాలకపోతే? 'దిగను, ఇక్కడ ఉండే హక్కు నాకూ ఉంది' అంటే ఒప్పుకుంటారా?"

దుప్పి, ముంగిస మొహాలు చూసుకున్నాయి. నీళ్లు మరో జానెడు పెరిగాయి.

కుందేలు ముళ్లపంది పక్కకు జరిగింది.

"మరి ఆ మాట నేనంటే?" అని దుప్పినీ ముంగిసనూ అడిగింది.