నొప్పేం లేదు కదా

రాజ్యమ్మకు మాట పోయిన రోజునే ఆసుపత్రివాళ్లు ఆమె చేతికి గాజు తొడిగారు. మనసులో అవుననుకుంటే పచ్చగా, కాదనుకుంటే ఎర్రగా వెలిగే అలాంటి గాజులు అప్పటికే ప్రతి వీధిలోనూ ఉన్నాయి.

ఆమెతో ఉంటున్న చెల్లెలు వనమాల టీచరు. బళ్లో పిల్లలకు ఏదో వింత సంఘటన చెప్పి, తాను అవును, కాదు అని మాత్రమే జవాబిస్తానని, ప్రశ్నలడిగి దాని గుట్టు విప్పమనేది. "జవాబు మీరే చెప్పేసి ఔనా అనడం ప్రశ్న కాదర్రా" అని మందలించేది. ఇంట్లోనూ నాలుగు ప్రశ్నల్లో అక్కకు కావలసింది మజ్జిగో, కిటికీ గాలో తేల్చేసేది. "మా బడిపిల్లల కంటే నేను నయమా అక్కా?" అంటే గాజు పచ్చగా వెలిగేది.

బళ్లో పరీక్షలు మొదలయ్యే రోజు పొద్దున రాజ్యమ్మ దుప్పటిని పిడికిట బిగించి పడుకుని ఉంది. బస్సుకు వేళయింది. వనమాల చెప్పులు వేసుకుంటూ, "నొప్పేం లేదు కదక్కా?" అంది. పచ్చ వెలిగింది. అవును, లేదనా? అవును, ఉందనా? గుమ్మం దాటుతుంటే ఆ అనుమానం రానే వచ్చింది. ఆమె వెనక్కి తిరగలేదు. మధ్యాహ్నానికి రాజ్యమ్మ గుండె ఆగింది.

పదకొండో రోజున రాజ్యమ్మ కూతురు హైమ వచ్చి పక్కన కూర్చుంది.

"పిన్నీ, ఆ రోజు అమ్మని అడిగే వెళ్లావుగా?"

"అడిగానమ్మా."

"నొప్పి లేదనే చెప్పిందిగా?"

"అవును" అంది వనమాల.

"మరెందుకు ఇలా కుమిలిపోతావు? నువ్వు చూసుకున్నట్టు నేనైతే చూసుకోగలిగేదాన్నా?" అంటూ హైమ ఆమె చెయ్యి పట్టుకుంది.

నొప్పి ఉందా అని తాను అడగనే లేదన్న సంగతి వనమాల ఆమెకు ఇంకా చెప్పలేదు.