మువ్వల చప్పుడు

రొయ్యల ఫ్యాక్టరీ పక్కన, పనివాళ్ల పిల్లల్ని చూసుకునే గదిలో చీకటి పడుతుండగానే కరెంటు పోయింది. ఆయా నాగదుర్గ కంగారుపడలేదు. వెనకే కాలవ ఉంది కాబట్టి పిల్లలందరికీ మువ్వల పట్టీలు పెట్టిస్తుంది. చీకట్లో ఆమె పిల్లల్ని వెతకదు, వింటుంది. తల్లులు వచ్చి మిగతా పిల్లల్ని తీసుకెళ్లగా, లోపల ఒక్క జత మువ్వలే తిరుగుతున్నాయి.

షిఫ్టు దిగి లోవలక్ష్మి వచ్చింది.

"మీ బుజ్జి ఇంకా ఆడుతూనే ఉందమ్మా. వినపడట్లేదా?" అంది నాగదుర్గ.

లోవలక్ష్మి గుమ్మంలోనే ఆగిపోయింది.

"పట్టీలు ఒరుసుకుని దాని కాలు పుండైందని పొద్దున్నే తీసేశానండి. మీతో చెప్పడం మర్చిపోయాను."

కొంగుముడి విప్పింది. రెండు పట్టీలూ అందులోనే ఉన్నాయి.

నాగదుర్గ ఫోన్ లైటు వేసింది. గది ఖాళీగా ఉంది. కాలవ వైపు తలుపు తీసి ఉంది.

మువ్వలు ఘల్లుఘల్లుమంటూ ఆ తలుపు దాటి రేవు మెట్లు దిగాయి. నీళ్లలోకి వెళ్లాక కూడా ఆగలేదు.