ఏ-3 గడిలో మంత్రి

పన్నెండో ఎత్తు దగ్గర యోగానంద మళ్ళీ ఆగిపోయాడు. ఆట తనదే, గెలుపూ తనదే. ఆ ఎత్తు మాత్రం ఎంత నమిలినా కొరుకుడు పడడం లేదు.

ఆడింది ఎవాన్స్ గాంబిట్. నాలుగో ఎత్తులోనే ఒక బంటును ఎరగా పడేసి, ఎదుటివాడు దాన్ని మింగేలోపల మీద పడే పద్ధతి. వడమాలపేట హైస్కూల్లో లెక్కలు చెప్పే యోగానంద ఇరవై ఏళ్లుగా దీన్నే నమ్ముకున్నాడు. మొన్న ఆదివారం ఉపాధ్యాయుల ఆన్‌లైన్ చదరంగం ఫైనల్లోనూ ఇదే ఆడాడు. పన్నెండో ఎత్తు వేళకు నల్లగుర్రం ఒకటి వచ్చి, బి-3 గడిలో ఉన్న అతని మంత్రి మీద పడింది. ఎవరైనా మంత్రిని పక్కకు తప్పిస్తారు. ఇక్కడ మంత్రి కదల్లేదు. వెనకున్న శకటు తాపీగా వెళ్లి ఏ-3లో కూర్చుంది. ఎదుటివాడు సంబరంగా మంత్రిని కొట్టేశాడు. అప్పుడు తెలిసింది, నల్లరాజు కోట కట్టుకునే దారికి ఆ శకటు అడ్డం పడిందని. ఆరు ఎత్తుల్లో రెండు శకట్లూ ఒక గుర్రమూ కలిసి రాజును నడిబజార్లో నిలబెట్టి కట్టేశాయి.

ఎంత అందమైన ఎత్తు! అలాంటిది ఒక్కటి వేస్తే చదరంగం నేర్చుకున్నందుకు చాలు అనిపించింది యోగానందకు. కంప్యూటర్ కూడా దాని పక్కన ‘అద్భుతం’ అని రాసింది. దాంతో అతని తిరుపతి జట్టు గెలిచింది, రెండు రోజులు ఫోను మోగుతూనే ఉంది. మూడో రోజు ఫిర్యాదు వచ్చింది. ఇది మనిషి వేసే ఎత్తు కాదు, యంత్రాన్ని చూసి వేశాడు అని. సాయంత్రం ఐదింటికి వీడియోలో కూర్చుని మీ ఆట మీరే విప్పి చెప్పండి అంది పోటీ నడిపే కృపారాణి. చెప్పలేకపోతే జట్టు గెలుపు పోతుంది. మోసగాడన్న పేరు పడుతుంది. పిల్లలకు లెక్కలతో పాటు నిజాయితీ కూడా చెప్పే మాస్టారికి రెండోదే పెద్ద దెబ్బ.

జట్టు పెద్ద దామోదరం మధ్యాహ్నమే వచ్చి కూర్చున్నాడు.

“కంప్యూటర్ సూపించే ఎత్తులన్నీ బట్టీ పట్టప్పా. అన్నీ ముందే సూసినానని సెప్పు. ఎవురు కాదంటారు?”

“నేను సూడలేదు కదప్పా,” అన్నాడు యోగానంద.

అతని భార్య మునిలక్ష్మి కింద కూర్చుని పితికిపప్పుకు అనపగింజలు పితుకుతోంది. అతను తన ఆటల్ని పైకి చెప్పుకుంటూ విప్పడం, ఆమె పక్కనే ఏదో పని చేసుకోవడం పెళ్లయినప్పటి నుంచీ ఆ ఇంట్లో మామూలే. నల్లగుర్రం మంత్రిని కొట్టకుండా వదిలేసి ఉంటే ఏమయ్యేదని అతను గొణుక్కుంటుంటే, “ఊరికే వచ్చే మంత్రిని ఎవురు ఒదులుకుంటారు మామా?” అంది. దామోదరం నవ్వాడు.

ఐదింటికి కృపారాణి తెర మీదికి వచ్చింది. పన్నెండో ఎత్తు ఎందుకు వేశారో చెప్పమంది.

“ఆ ఎత్తు నాది కాదు మేడం,” అన్నాడు యోగానంద.

దామోదరం నెత్తి మీద చెయ్యి పెట్టుకున్నాడు. యోగానంద కట్టు కట్టిన కుడిచేతిని ఎత్తి చూపించి, జరిగింది జరిగినట్టు చెప్పాడు. స్కూటర్ మీద నుంచి పడి చెయ్యి విరిగింది. అలాంటివాళ్ళు చెప్పిన ఎత్తును ఇంకొకరు నొక్కవచ్చని పోటీ నిబంధనల్లోనే ఉంది. పదకొండు ఎత్తులు ఎడమచేత్తో తడుముకుంటూ తనే నొక్కాడు. సమయం కరిగిపోతుంటే భార్యను పిలిచి, “మంత్రి, ఏ-3” అన్నాడు. ఆమె శకటును జరిపింది. ఆమెది సత్యవేడు అవతల పల్లె, చదివింది ఊత్తుకోటలో అరవ బడి. మనం శకటు అనేదాన్ని అరవంలో మంత్రి అంటారు. మన మంత్రి వాళ్ళకు రాణి. జరిపింది వెనక్కి రాదు గనక, ఆ తర్వాత ఒక్కొక్క కాయనూ వేలితో చూపించి ఆట ముగించాడు.

కృపారాణి ఆమెను పిలవమంది. మునిలక్ష్మి కొంగుకు చేతులు తుడుచుకుని వచ్చింది. ఇందులో మంత్రి ఏదమ్మా అని అడిగితే, తెర మీది కాయల్ని ఒకసారి చూసి శకటు మీద వేలు పెట్టింది.

“ఇదే కదా మేడం. మా బళ్ళో ఇట్లనే సెప్పినారు.”

కృపారాణి పగలబడి నవ్వింది. తనూ అరవ సరిహద్దులో, నగరిలో నాలుగేళ్లు పనిచేశానని, ఈ గొడవ తనకు తెలుసని అంది. మోసం చేసేవాడు ఎవడూ తన గొప్ప ఎత్తును తనది కాదని చెప్పుకోడు మాస్టారూ అని, ఫిర్యాదును అక్కడికక్కడే కొట్టేసింది. దామోదరం లేచి వచ్చి యోగానందను వాటేసుకున్నాడు. నిజం చెప్పి గెలిచినోడివి నువ్వేనప్పా అని పొగిడి, జట్టువాళ్ళకు ఫోన్లు చేసుకుంటూ వెళ్ళిపోయాడు.

యోగానందకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పోయిందనుకున్న పేరు నిలబడింది. తెర మీద ఆ శకటును ఇంకొక్కసారి మురిపెంగా చూసుకుని భార్య వైపు తిరిగాడు.

“ఈ తూరి నుంచి క్వీన్ అనే సెప్తాలే మునీ. నీకు పొరపాటు రాదు.”

మునిలక్ష్మి అనపగింజల మీద నుంచి తలెత్తలేదు.

“నువ్వు ఏ మంత్రిని సెప్పినావో నాకు అప్పుడే తెలుసు మామా.”